1967 నాటి ఎపిసోడ్‌లోకి 1996 నాటి నటులు ఎలా వెళ్లారు? ట్రిబుల్స్ క్రాసోవర్ గురించి

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. అమెరికన్ అంతరిక్ష సీరియల్ ‘స్టార్ ట్రెక్: డీప్ స్పేస్ నైన్’లోని ‘ట్రయల్స్ అండ్ ట్రిబుల్-ఏషన్స్’ భాగం నుంచి కొన్ని దృశ్యాలు చూశారు. వాటిలో మొదటి స్టార్ ట్రెక్ సీరియల్ పాత్రలైన కెప్టెన్ కర్క్, స్పాక్‌ల పక్కనే కొత్త సీరియల్ నటులు నిలబడి ఉన్నారు. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఇంతగా ఎదగని రోజుల్లో అది ఎలా సాధ్యమైందన్నది మొదటిది. క్రాసోవర్ ఎపిసోడ్ల, అంటే వేర్వేరు సీరియళ్ల పాత్రలు ఒకే కథలోకి వచ్చే భాగాల మాట రాగానే అభిమానులు దీన్నే ఎందుకు ముందు తలచుకుంటారన్నది రెండోది. పాత సీరియల్ చూడనివారు నేరుగా దీన్ని చూడవచ్చా అన్నది మూడోది.

నేను చాలా ఏళ్లుగా హైదరాబాదులో కంపోజిటింగ్ పని చేస్తున్నాను. వేర్వేరు చోట్ల, వేర్వేరు రోజుల్లో తీసిన దృశ్యాలను ఒకే ఫ్రేములో అతుకు కనబడకుండా కలపడం మా వృత్తి. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు నేను మొదట చూపించే టీవీ ఎపిసోడ్ ఇదే. అందుకే కాస్త విస్తారంగా చెబుతాను. కథంతా బయటపడుతుంది. ముందు చూసి వచ్చి చదువుతానంటే మరీ మంచిది, చివర్లో ఏది ఏ వరుసలో చూడాలో రాశాను.

ముందు పాత కథ. మొదటి స్టార్ ట్రెక్ సీరియల్ 1966 సెప్టెంబరు 8న అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్‌లో మొదలైంది. రెండో సీజన్‌లో, 1967 డిసెంబరు 29న, ‘ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ ప్రసారమైంది. రాసినవాడు డేవిడ్ జెరాల్డ్ అనే యువకుడు, టెలివిజన్‌కు అతను అమ్మిన మొదటి కథ అది. దర్శకుడు జోసెఫ్ పెవ్నీ. కె-7 అనే అంతరిక్ష కేంద్రంలో ఒక గ్రహానికి పంపాల్సిన విత్తన ధాన్యం నిల్వ ఉంటుంది. దానికి కాపలా కాయడానికి కర్క్ ఎంటర్‌ప్రైజ్ నౌకతో వస్తాడు. ఒక చిల్లర వ్యాపారి ట్రిబుల్స్ అనే బొచ్చు ప్రాణుల్ని అక్కడికి తెస్తాడు. అరచేతిలో ఇమిడేంత ఉంటాయి. కాళ్లుండవు, కళ్లుండవు, నిమిరితే కూనిరాగం తీస్తాయి, తిండి దొరికితే పిల్లల్ని పెడుతూ పోతాయి. ఆస్ట్రేలియాలో కుందేళ్లు అదుపు తప్పి పెరిగిపోయిన ఉదంతమే తన ఆలోచనకు మూలమని జెరాల్డ్ చెప్పుకున్నాడు.

చివరికి అవి ధాన్యపు కొట్టులోకి చేరతాయి. కర్క్ తలపైనున్న తలుపు తీయగానే ట్రిబుల్స్ వరదలా అతని మీద పడతాయి. ఎన్ని ఉంటాయని అడిగితే స్పాక్ 17,71,561 అంటాడు. ఆ అంకె ఊరికే నోటికొచ్చింది కాదు. ఒక ట్రిబుల్ ఒక్కో ఈతలో పది పిల్లల్ని పెడుతుంది, పన్నెండు గంటలకొక తరం, మూడు రోజులు. తల్లితో కలిపి ప్రతి తరానికీ 11 రెట్లు, మొత్తం ఆరు తరాలు. పదకొండును ఆరుసార్లు గుణించి చూడండి, సరిగ్గా అదే వస్తుంది. హాస్య కథలో కూడా లెక్క తప్పకుండా రాసుకున్నారు కనుకనే ఆ సీరియల్ అంటే నాకు గౌరవం. ధాన్యం తిన్న ట్రిబుల్స్ చచ్చిపోవడంతో అందులో విషం కలిసిందని తెలుస్తుంది. కర్క్ పక్షానికి శత్రువులైన క్లింగాన్ అనే గ్రహాంతర జాతివాళ్లు దగ్గరికొస్తే ట్రిబుల్స్ కీచుమంటాయి. ప్రభుత్వాధికారి సహాయకుడైన ఆర్న్ డార్విన్‌ను చూసి కూడా అలాగే అరవడంతో, అతను మనిషి వేషంలో ఉన్న క్లింగాన్ గూఢచారి అని బయటపడుతుంది. ఆ పాత్ర వేసినవాడు చార్లీ బ్రిల్.

ఇప్పుడు 1996కు వద్దాం. స్టార్ ట్రెక్‌కు ముప్ఫై ఏళ్లు నిండాయి. అప్పుడు రెండు సీరియళ్లు నడుస్తున్నాయి. ‘వోయేజర్’ వాళ్లు సెప్టెంబరులో ‘ఫ్లాష్‌బ్యాక్’ అనే భాగంలో పాత సీరియల్‌లోని సులూ పాత్రధారి జార్జ్ టకేయ్‌ను తీసుకొచ్చారు. అది మామూలు పద్ధతి: పాత నటుణ్ని పిలిపించి కొత్తగా చిత్రీకరించడం. డీప్ స్పేస్ నైన్ బృందం మరో దారి పట్టింది. పాత నటులను పిలవడానికి బదులు తామే పాత ఎపిసోడ్‌లోకి వెళ్లాలనుకున్నారు. రెండేళ్ల ముందే, 1994లో, ‘ఫారెస్ట్ గంప్’ సినిమాలో టామ్ హాంక్స్‌ను పాత వార్తాచిత్రాల్లోకి చొప్పించి చూపించారు. ఆ పద్ధతి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, కానీ దాన్ని వారం వారం వచ్చే టీవీ సీరియల్ గడువులో ఒక పూర్తి ఎపిసోడ్‌కు ఉపయోగించడమంటే మాటలు కాదు.

కథ ఇలా అల్లారు. కర్క్ చేతిలో పట్టుబడిన డార్విన్ 105 ఏళ్ల తర్వాత కూడా బతికే ఉంటాడు. సొంత జాతి వెలివేసిన ముసలివాడు. ఆ పాత్రను అదే చార్లీ బ్రిల్ మళ్లీ వేశాడు, మధ్యలో దాదాపు 29 ఏళ్లు గడిచాయి. అతను కాలాన్ని వెనక్కి తిప్పగల ఒక పవిత్ర గోళాన్ని వాడి, డీప్ స్పేస్ నైన్ కేంద్రం అధిపతి సిస్కో నడుపుతున్న డిఫయంట్ నౌకను సరిగ్గా ఆ ట్రిబుల్స్ రోజుకు లాక్కెళ్తాడు. కర్క్‌ను చంపడానికి ఒక ట్రిబుల్‌లో బాంబు పెడతాడు. సిస్కో, అతని బృందంలోని డాక్స్, బషీర్, ఓబ్రయన్, ఓడో, వార్ఫ్ పాత కాలపు దుస్తుల్లో కె-7లోకీ ఎంటర్‌ప్రైజ్‌లోకీ చొరబడి ఆ బాంబును వెతకాలి. చరిత్ర మాత్రం మారకూడదు.

ఆ చివరి షరతులోనే ఈ ఎపిసోడ్ విలువంతా ఉంది. పాత కథలో ఒక్క సంఘటనను కూడా వీళ్లు మార్చలేదు. కొత్త కథను పాత కథలోని ఖాళీల్లో, కెమెరా చూడని మూలల్లో కూర్చారు. నేను ఈ ఎపిసోడ్‌ను మిగతా క్రాసోవర్ల కన్నా ఎక్కడో పైన పెట్టడానికి కారణం ఇదే. సాంకేతిక నైపుణ్యం తర్వాతి మాట.

ఒక్క దృశ్యం చెబితే మీకే తెలుస్తుంది. పాత ఎపిసోడ్‌లో ట్రిబుల్స్ కర్క్ మీద కుప్పగా పడ్డాక కూడా, అతను ఆ గుట్టలో ఛాతీ దాకా కూరుకుపోయి మాట్లాడుతుండగా, పైనుంచి ఒక్కొక్కటే పడుతూ ఉంటుంది. ఒకటి తలకు తగులుతుంది, కాసేపాగి ఇంకొకటి. చిత్రీకరణలో ఫ్రేము బయటినుంచి సిబ్బంది విసిరారు. కథలో దానికి కారణమేమీ లేదు. 1996 ఎపిసోడ్ ఆ కొట్టు లోపలికి వెళ్తుంది. అక్కడ సిస్కో, డాక్స్ ట్రిబుల్స్ గుట్టలో కూర్చుని ఒక్కొక్కదాన్నీ పరికరంతో పరీక్షిస్తుంటారు. బాంబు లేదని తేలినదాన్ని తలుపు వైపు విసిరేస్తుంటారు. అది వెళ్లి కింద కర్క్ నెత్తిన పడుతుంది! పాత ఎపిసోడ్‌లో ప్రతి ట్రిబుల్ పడే క్షణానికీ లోపల ఒక విసురు అమర్చారు. ముప్ఫై ఏళ్లుగా అందరూ చూసి నవ్వుకున్న చిన్న వెకిలితనానికి అంత గంభీరమైన కారణం దొరికింది. ఇది చూశాక పాత ఎపిసోడ్‌కు తిరిగి వెళ్తే ఆ తలుపు వెనక చీకట్లో ఇద్దరు మనుషులు మీకు కనిపిస్తూనే ఉంటారు. పాతదానికి ఏమీ నష్టం జరగలేదు, పైగా ఒక అంతస్తు పెరిగింది.

స్క్రిప్టు రోనాల్డ్ డి. మూర్, రెనె ఎచెవరియా రాశారు. కథ ఐరా స్టీవెన్ బేర్, హాన్స్ బైమ్లర్, రాబర్ట్ హ్యూయిట్ వుల్ఫ్‌లది. దర్శకుడు జొనాథన్ వెస్ట్. ఆయన అదే సీరియల్‌కు ఛాయాగ్రాహకుడు కూడా కావడం ఈ ఎపిసోడ్ అదృష్టం. ఎందుకో చెబుతాను.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. పాత చిత్రంలో కొత్త మనిషిని పెట్టడమంటే చాలామంది కత్తిరించి అతికించడమనుకుంటారు. మన డబుల్ రోల్ సినిమాల్లో కెమెరాను బిగించి, సగం ఫ్రేమును మూసి, రెండుసార్లు తీసేవారు. ఆ మాస్కింగ్ పనిలో రెండు సగాలనూ ఒకే కెమెరామన్, ఒకే రోజు, ఒకే దీపాల కింద తీస్తాడు. ఇక్కడ ఒక సగాన్ని తీసి 29 ఏళ్లయింది. దాన్ని మార్చడానికి వీల్లేదు. కొత్త సగమే అన్ని విధాలా దానికి లొంగాలి.

అన్నిటికన్నా ముందు వెలుతురు. పాత సీరియల్ ఛాయాగ్రాహకుడు జెరీ ఫినర్‌మన్ ముఖాల మీద గట్టి, నిక్కచ్చి వెలుతురు వేసేవాడు. బూడిద రంగు గోడల మీద రంగు జెల్‌లు పెట్టిన దీపాలతో ఊదా, ఆకుపచ్చ, ఎరుపు పరిచేవాడు. నీడలు గోడమీద గీత గీసినట్టు పడేవి. తొంభైల్లో టీవీ వెలుతురు మెత్తబడింది, రంగులు తగ్గాయి, చీకటి పెరిగింది. డీప్ స్పేస్ నైన్ అయితే మరీ నీడల సీరియల్. కొత్త నటులను ఆ మెత్తటి వెలుతురులో తీసి పాత దృశ్యంలో పెడితే, అంచులు ఎంత శుభ్రంగా కత్తిరించినా కన్ను ఒప్పుకోదు. దర్శకుడే ఛాయాగ్రాహకుడు కనుక, కొత్తగా తీసిన దృశ్యాలన్నిటికీ పాత సీరియల్ వెలుతురునే తెచ్చారు. మీరు ఈసారి చూసేటప్పుడు మొదట్లో డిఫయంట్ లోపలి దృశ్యాన్నీ, ఆ తర్వాత ఎంటర్‌ప్రైజ్ నడవా దృశ్యాన్నీ పోల్చండి. రెండూ ఒకే బృందం, ఒకే సమయంలో తీసినవి. రెండింటి మధ్య ఒక తరం గడిచినట్టుంటుంది.

ఫిల్మ్ గ్రెయిన్ సంగతీ అంతే. అరవైల నాటి ఫిల్మ్‌కు ఒక గరుకుదనం, రంగుల్లో ఒక గాఢత ఉంటాయి. కొత్త చిత్రం నున్నగా ఉంటే ఆ మనిషి తెరమీద తేలుతున్నట్టు కనిపిస్తాడు. మా పనిలో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో సగం ఇక్కడివే. అంచు మీద పెట్టే శ్రద్ధ గ్రెయిన్ మీద పెట్టరు. పాత సీరియల్, కొత్త సీరియల్ రెండూ 35 ఎంఎం ఫిల్మ్ మీద తీసినవే. టీవీ ఫ్రేము కొలత కూడా రెండింటిదీ ఒక్కటే, నాలుగుకు మూడు. ఈ రెండు అనుకూలతలు లేకపోతే పని ఇంకా కష్టమయ్యేది.

విజువల్ ఎఫెక్ట్స్ బాధ్యత గ్యారీ హట్జెల్‌ది. మీరు చూసిన దృశ్యాల్లో తగాదా తర్వాతి వరుస ఉంది కదా, దాన్నే తీసుకుందాం. పాత కథలో బార్‌లో కర్క్‌ను తిట్టినా ఊరుకున్న నౌక ఇంజనీరు స్కాటీ, నౌకను తిట్టగానే క్లింగాన్‌ను కొడతాడు. తర్వాత కర్క్ అందర్నీ వరుసగా నిలబెట్టి, తగాదా ఎవరు మొదలుపెట్టారని అడుగుతూ నడుస్తాడు. కొత్త ఎపిసోడ్‌లో ఆ వరుసలో బషీర్, ఓబ్రయన్ ఉంటారు. కర్క్ ఓబ్రయన్ ముందు ఆగి అడుగుతాడు. “నాకు తెలియదు సార్” అంటాడతను.

ఇలాంటి షాట్‌ను మా బల్ల మీద పెట్టి విప్పి చూస్తే ఏమేం కావాలో చెబుతాను. పాత ఫ్రేములో ఒక మనిషి ఇప్పటికే ఉంటాడు, కొత్తవాడు అతణ్ని పూర్తిగా కప్పాలి. లేదంటే అతణ్ని చెరిపి వెనక గోడను తిరిగి నింపాలి. ముందునుంచి కర్క్ నడిచిపోతే, ఆ కొద్ది క్షణాలూ కర్క్ ఆకారాన్ని ఫ్రేము తర్వాత ఫ్రేము చేత్తో గీసి విడదీయాలి. సెకనుకు 24 ఫ్రేములు. జుట్టు చివర, భుజం అంచు కదలికలో మసకబారే చోట గీత ఎక్కడ పడాలో యంత్రం చెప్పదు, కన్నే చెప్పాలి. కెమెరా పక్కకు తిరిగితే, బ్లూ మ్యాట్ (తర్వాత తీసేయడానికి వెనక కట్టే నీలి తెర) ముందు కొత్త నటుణ్ని తీసే కెమెరా కూడా అదే వేగంతో, అదే ఎత్తునుంచి, అదే కోణంలో తిరగాలి. వీటన్నిటికన్నా కీలకం చూపు. ఓబ్రయన్ పాత్రధారి కోమ్ మీనీ ఎదుట కర్క్ పాత్రధారి విలియం షాట్నర్ లేడు. ఉన్నట్టు, ఆ కళ్ల ఎత్తుకే చూడాలి, ఆ అడుగుల వేగానికే తల కదపాలి. అరంగుళం తేడా వస్తే కర్క్ చెవిని చూస్తున్నట్టుంటుంది. మీనీ ముఖంలో ఆ క్షణాన భయం, గర్వం రెండూ కలగలిసి కనిపిస్తాయి. బయటికొచ్చాక కెప్టెన్ కర్క్‌కే అబద్ధం చెప్పానని మురిసిపోతాడు, భార్య కేకో చూసి ఉంటే బాగుండేదంటాడు. గ్రాఫిక్స్ ఎంత బాగా కుదిరినా, ఆ ముఖం లేకపోతే ఆ షాట్ నిలబడేది కాదు.

ఇంకో సంగతి. తెరమీద మీరు చూసేదంతా అతుకుల పని కాదు. హెర్మన్ జిమ్మర్‌మన్ కళావిభాగం ఎంటర్‌ప్రైజ్ నడవానూ, లిఫ్టునూ, కె-7 బార్‌నూ మళ్లీ కట్టింది. అందువల్ల చాలా దృశ్యాల్లో కొత్త నటులు నిజమైన సెట్‌లోనే తిరుగుతారు. ఒక పాత షాట్, ఒక కొత్త షాట్, మధ్యలో ఒకటి రెండు కలిపిన షాట్లు. ఎడిటింగ్‌లో ఇవి పేకముక్కల్లా కలిసిపోతాయి. కలిపిన షాట్లు తక్కువే అయినా అంతా కలిపినట్టే మనసుకు తోస్తుంది. నిజానికి ఇది మా వృత్తిలో పెద్ద పాఠం: ప్రేక్షకుణ్ని ఒప్పించేది ఒక్కో షాట్ గొప్పతనం కన్నా దానికి ముందు, వెనక ఏముందన్నదే. లిఫ్టులో బషీర్, ఓబ్రయన్ నోటితో అంతస్తు చెప్పి నిలబడతారు, అది కదలదు. ఆ కాలంలో పక్కనున్న పిడిని పట్టుకోవాలి. పాత సీరియల్‌ను అంత నిశితంగా చూసినవాళ్లకే అలాంటి దృశ్యం తడుతుంది.

నౌకల కోసం గ్రెగ్ జైన్ అనే చేయి తిరిగిన శిల్పి మినియేచర్లు తయారుచేశాడు. ఎంటర్‌ప్రైజ్ అసలు నమూనా దాదాపు 11 అడుగుల పొడవు, ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ విమానయాన మ్యూజియంలో ఉంది. జైన్ దాన్ని సగం కొలతతో, అంటే సుమారు అయిదున్నర అడుగులతో కట్టాడు. కె-7 కేంద్రాన్నీ మళ్లీ చేశాడు. 1967లో టీవీ ఖర్చుకు సాధ్యం కాని కోణాల్లో ఆ పాత నౌకను 1996లో చూసినప్పుడు అభిమానులు కళ్లనీళ్లు పెట్టుకున్నారంటే నేను నమ్ముతాను. ఎనభైల్లో మన దూరదర్శన్‌లో కర్క్‌ను చూసిన తరానికైతే ఇంకా బాగా అర్థమవుతుంది.

చివరి దృశ్యంలో ఒక చమత్కారముంది, చాలామంది గమనించరు. పని పూర్తయ్యాక సిస్కో ఆగలేక, ఒక కాగితం నెపంతో కర్క్ కుర్చీ దగ్గరికి వెళ్లి, మీతో పనిచేయడం గౌరవమని చెప్పి వస్తాడు. ఆ కర్క్ ట్రిబుల్స్ ఎపిసోడ్‌లోనివాడు కాదు. అదే రెండో సీజన్‌లోని ‘మిర్రర్, మిర్రర్’ చివర్లోనివాడు. అక్కడ అతను మాట్లాడేది మార్లీనా మోరో అనే అధికారిణితో. ఆమెను తీసి సిస్కోను పెట్టారు. ట్రిబుల్స్ కథలో కర్క్ చిరాకుగానే ఉంటాడు, ఆత్మీయంగా ఒకరి ముఖంలోకి చూసే ఘట్టం అందులో లేదు. అందుకే కావలసిన చూపు కోసం పక్క ఎపిసోడ్ దాకా వెళ్లారు. ఒకే సీజన్ కనుక వెలుతురు, ఫిల్మ్, దుస్తులు అన్నీ సరిపోయాయి.

క్లింగాన్ల నుదురు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే రచయితల ధైర్యం తెలుస్తుంది. అరవైల్లో క్లింగాన్లంటే ముఖానికి రంగు, మీసం, అంతే. 1979 సినిమా నుంచి వాళ్లకు నుదుటిమీద ఎముకల గట్లు వచ్చాయి. అప్పుడు ఖర్చుపెట్టే స్తోమత లేదు, తర్వాత వచ్చింది, అదే అసలు కారణం. కథలో మాత్రం ఎవరూ ప్రస్తావించరు. పైగా డీప్ స్పేస్ నైనే 1994లో ‘బ్లడ్ ఓత్’ భాగంలో, ట్రిబుల్స్ కథలోని కొలోత్ అనే క్లింగాన్‌ను, అదే నటుడు విలియం క్యాంప్‌బెల్‌తో, గట్లున్న నుదుటితో చూపించింది. ఇప్పుడు సిస్కో బృందంలోని గట్లున్న క్లింగాన్ వార్ఫ్, గట్లు లేని పాత క్లింగాన్లు ఒకే బార్‌లో ఉన్నారు. తప్పించుకునే దారి లేదు. అందరూ వార్ఫ్ వైపు తిరుగుతారు. జన్యు మార్పిడా అని ఒకరు, వైరస్సా అని ఇంకొకరు అడుగుతారు. బయటివాళ్లతో ఆ విషయం మాట్లాడం అంటాడు వార్ఫ్. అక్కడితో సరి. 2005లో ‘ఎంటర్‌ప్రైజ్’ సీరియల్ రెండు భాగాల్లో అసలు కారణం చెప్పింది. జన్యు మార్పిడి, వైరస్ రెండూ నిజమేనట! ఆ రెండు భాగాలు బాగానే ఉంటాయి. అయినా నాకు వార్ఫ్ మౌనమే ఎక్కువ నచ్చుతుంది.

లోపాలు లేవని అనను. బాంబు కథ పలుచన. డార్విన్ పగకు మంచి పునాది ఉంది, చార్లీ బ్రిల్ దాన్ని మోయగలడు కూడా, కానీ అతనికి దక్కిన దృశ్యాలు చాలా తక్కువ. కాల పరిశోధన శాఖనుంచి వచ్చిన ఇద్దరు అధికారులకు సిస్కో జరిగినదంతా తర్వాత చెబుతున్నట్టు కథ నడుస్తుంది, కాబట్టి కర్క్ బతుకుతాడా లేదా అన్న ఉత్కంఠ మొదటి నిమిషంలోనే పోతుంది. ఆ అధికారుల పేర్లు డల్మర్, లక్స్‌లీ. అప్పట్లో పేరుమోసిన ‘ఎక్స్-ఫైల్స్’ సీరియల్‌లోని పరిశోధకుల జంట మల్డర్, స్కల్లీల పేర్లలోని అక్షరాలను తారుమారు చేసి పెట్టినవి. సరదాగానే ఉంటుంది.

ఇక అందరూ దీన్నే ఎందుకు తలుస్తారన్నది. మామూలు క్రాసోవర్‌లో రెండు బృందాలు కలుస్తాయి, అపార్థం చేసుకుని తగాదా పడతాయి, పెద్ద ప్రమాదం రాగానే ఒక్కటవుతాయి. ఎంతమంది వస్తే అంత గొప్ప అన్న లెక్క. 2019, 2020ల్లో వచ్చిన సూపర్‌హీరోల క్రాసోవర్ ‘క్రైసిస్ ఆన్ ఇన్‌ఫినిట్ ఎర్త్స్’ అయిదు సీరియళ్ల మీదుగా నడిచింది. దాన్ని తీయడానికి పడిన శ్రమను తక్కువ చేయను. కానీ పాత్రలు వరుసగా వచ్చి పలకరించి వెళ్లిపోతుంటే నాకు ఎవరి మీదా మనసు నిలవలేదు. ట్రిబుల్స్ కథలో రెండు బృందాలు దాదాపు కలుసుకోనే కలుసుకోవు. కర్క్‌కు వీళ్లెవరో చివరిదాకా తెలియదు. వీళ్లు పక్కనుంచి చూస్తారు, సంతోషిస్తారు, అతని ప్రాణం కాపాడి వెళ్లిపోతారు. అభిమాని స్థానం అదే కదా! అందుకే చూసేవాడు ఓబ్రయన్‌లో తనను తాను చూసుకుంటాడు.

ఈ ఎపిసోడ్‌కు కళాదర్శకత్వం, కేశాలంకరణ, విజువల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో ఎమ్మీ నామినేషన్లు వచ్చాయి. సైన్స్ ఫిక్షన్‌కు ఇచ్చే హ్యూగో పురస్కారానికీ 1997లో పోటీపడింది, అది మాత్రం ‘బాబిలాన్ 5’ అనే మరో అంతరిక్ష సీరియల్‌కు వెళ్లింది. పాత ట్రిబుల్స్ ఎపిసోడ్ కూడా 1968 హ్యూగోకు పోటీపడి ఓడిపోయింది, గెలిచింది ఇంకో స్టార్ ట్రెక్ ఎపిసోడే. రచయిత జెరాల్డ్ కొత్త ఎపిసోడ్‌లో ఎర్రచొక్కా సిబ్బందిలో ఒకడిగా ఒక దృశ్యంలో కనిపిస్తాడు, నడవాలో చూడండి.

మీ మూడో ప్రశ్నకు: నేరుగా చూడవద్దు. అర్థం కాకపోవడమంటూ ఉండదు, కానీ నవ్వాల్సిన చోట సగం జారిపోతాయి. మొదట ‘ది ట్రబుల్ విత్ ట్రిబుల్స్’ చూడండి, 50 నిమిషాలు. వీలైతే అదే వారంలో కొత్తది చూడండి, పాత దృశ్యాలు మనసులో ఆరకముందే. డీప్ స్పేస్ నైన్ పాత్రల గురించి ఇంత తెలిస్తే చాలు: సిస్కో కేంద్రం అధిపతి. డాక్స్ శరీరంలో అనేక జన్మల జ్ఞాపకాలున్న ప్రాణి ఉంటుంది, కాబట్టి ఆమెకు ఆ పాత కాలం సొంత యవ్వనం లాంటిది. బషీర్ వైద్యుడు, ఓబ్రయన్ ఇంజనీరు. ఓడో రూపాలు మార్చగల భద్రతాధికారి, వార్ఫ్ క్లింగాన్.

ఒక జాగ్రత్త చెప్పాలి. 2006 నుంచి పాత సీరియల్‌ను నెగెటివ్ నుంచి మళ్లీ స్కాన్ చేసి, అంతరిక్ష దృశ్యాలను కంప్యూటర్‌తో కొత్తగా చేసి విడుదల చేశారు. డీప్ స్పేస్ నైన్‌కు ఆ భాగ్యం కలగలేదు. ఫిల్మ్ మీద తీసినా, ఎడిటింగ్, ఎఫెక్ట్స్ అన్నీ ఆనాటి వీడియో టేపు మీద పూర్తిచేశారు, కలిపిన షాట్లు ఆ నాణ్యతలోనే మిగిలాయి. కాబట్టి ఇప్పుడు మీ టీవీలో 1967 ఎపిసోడ్ అద్దంలా మెరుస్తుంది, 1996 ఎపిసోడ్ మసకగా ఉంటుంది. అది పనితనం లోపం అనుకోకండి. అసలు పనితనం చూడాలంటే పెద్ద తెర వద్దు. చిన్న తెర మీద, కాస్త దూరంగా కూర్చుని చూడండి, అప్పటి ఇళ్లలో చూసినట్టు. పాత సీరియల్‌కు మొదటి ఎఫెక్ట్స్‌తో ఉన్న ప్రతి దొరికితే అదే ఎంచుకోండి. కొత్త ఎపిసోడ్‌లోకి వెళ్లిన దృశ్యాలతో అది బాగా సరిపోతుంది.

ఆ రెండూ నచ్చితే ‘ది నెక్స్ట్ జనరేషన్’లో 1992 నాటి ‘రెలిక్స్’ చూడండి. అదీ రోనాల్డ్ మూర్ రాసిందే, ముసలి స్కాటీ కొత్త నౌకలోకి వస్తాడు. అందులో పాత నౌక బ్రిడ్జిలో, అంటే నౌకను నడిపే గదిలో, కొంత భాగమే కట్టి, తలుపు తెరుచుకోగానే కనిపించే మొత్తం బ్రిడ్జికి 1967 నాటి ‘దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్’ భాగంలోని ఖాళీ బ్రిడ్జి షాట్‌ను వాడుకున్నారు. నాలుగేళ్ల తర్వాతి ట్రిబుల్స్ పనికి బీజం అక్కడే కనిపిస్తుంది. చివరగా 2023లో వచ్చిన ‘దోజ్ ఓల్డ్ సైంటిస్ట్స్’. ‘లోయర్ డెక్స్’ అనే కార్టూన్ సీరియల్ పాత్రలు ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ నౌకలోకి మనుషులుగా దిగుతాయి. వాటికి గొంతునిచ్చిన జాక్ క్వెయిడ్, టానీ న్యూసమ్‌లే స్వయంగా నటించారు. దర్శకుడు జొనాథన్ ఫ్రేక్స్. అక్కడ కార్టూన్ నుంచి వచ్చిన బోయిమ్లర్ తన ఆరాధ్యుల ముందు నోరు ఆపుకోలేక తంటాలు పడతాడు. కర్క్ ముందు ఓబ్రయన్ నిలబడిన తీరుతో అతణ్ని పోల్చి చూడండి, ఏది మీకు ఎక్కువ నచ్చిందో రాయండి.